కీమ్యాన్ రంజాన్ దవడ

గుంతకల్లులో కీమ్యాన్ రంజాన్ అంటే రైల్వే మనుషులందరికీ తెలుసు. భుజాన సుత్తి వేసుకుని, తన వంతు ఆరు కిలోమీటర్ల పట్టా మీద రోజూ పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి నడిచి, పట్టాను కింది దిమ్మెలకు పట్టి ఉంచే ఇనుప కీలు వదులైతే బిగగొట్టడం ఆయన పని. ఇరవై ఆరేళ్లు అదే పట్టా. ఒక్క కీ చూడకుండా వదిలేశానేమో అన్న దిగులు మనిషిని లోపల తినేది కానీ, ఇంట్లో పైకి చెప్పేవాడు కాదు.

2003 ఎండాకాలంలో గడ్డం గీసుకుంటూ ఉంటే ఎడమ చెవి కింద దవడ ఉబ్బెత్తుగా కనిపించింది. పొద్దున లేచేసరికి బిగుసుకుపోయి, జొన్నరొట్టె నమలడమే కష్టమయ్యేది. ఊళ్లో డాక్టరు తడిమి చూసి, గడ్డ కావచ్చునని, ముందు అనంతపురంలో స్కానింగ్ తీయించమని చెప్పాడు. ఆ మాట విన్నాక రంజాన్‌కు అన్నం సయించలేదు. తోటి పనివాడు చౌడప్పను వెంటబెట్టుకుని తన పట్టా అంతా నడిపించాడు.

"ఈ బ్రిడ్జి కాడ ఎడమ పక్క కీలు తొందరగా వదులైతాయి. నేను లేకున్నా కొంచెం కనిపెట్టుకోనుండప్పా" అన్నాడు.

ఎందుకు చెబుతున్నాడో చౌడప్పకు అర్థమైంది. సరేనన్నాడు.

భార్య అమీర్ బీతో కలిసి అనంతపురం పోయాడు. స్కానింగ్ సెంటర్ నిండా కడుపుతో ఉన్న ఆడవాళ్లే. పక్కనున్న పెద్దామె స్కానింగ్ ఎవరికని అడిగితే, నాకేనని చెప్పి తలవంచుకున్నాడు. ఆమె అమీర్ బీ వైపు చూసి నవ్వు ఆపుకుంది.

డాక్టర్ ప్రశాంతి చెంపకు చల్లటి జెల్లు పూసి, మిషన్ ఆనించింది. పళ్లు గట్టిగా కరిచిపట్టమంది, మళ్లీ వదలమంది. కరిచిపట్టినప్పుడల్లా తెర మీద నల్లటి పట్టీ ఒకటి లావెక్కేది, వదిలితే పలచబడేది. రెండు వైపులా కొలిచింది. వదులుగా ఉన్నప్పుడే ఎడమవైపు పదహారు మిల్లీమీటర్లు, కుడివైపు పద్నాలుగు.

"గడ్డ లేదన్నా. ఇదంతా కండే" అంది.

కుడివైపు దవడపళ్లు రెండు పీకించుకున్నాక ఆయన ఎడమవైపే నములుతున్నాడు. అయినా అంత కండ నమలడంతోనే రాదని చెప్పి, నిద్రలో పళ్లు కొరుకుతావా అని అడిగింది. రంజాన్ లేదన్నాడు.

"కొరుకుతాడు మేడం" అంది తలుపు దగ్గర నిలబడ్డ అమీర్ బీ. "మా పెండ్లయిన కాడినుంచీ కొరుకుతానే ఉండాడు. చెంప మీద చెయ్యి పెడితే నిలిపేస్తాడు."

రంజాన్ తల తిప్పి చూశాడు. "నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెప్తే ఏమొస్తాది? పొద్దంతా ఎండలో నడిచొచ్చే మనిషి. నిద్దరపోనీలే అనుకుంటి."

ఇన్నేళ్లూ ఆ చెయ్యి ఆమె నిద్రలో వేసే అలవాటు అనుకున్నాడు రంజాన్. చెంపకున్న జెల్లు తుడుచుకోవడం కూడా మరిచి అట్లాగే కూర్చుండిపోయాడు. డాక్టరే గుడ్డ అందించింది.

ఆమె పంపితే పోయిన చోట పళ్ల డాక్టరు కొలత తీసి, పడుకునేటప్పుడు పళ్లకు తొడుక్కునే ప్లేటు చేసిచ్చాడు. దిగులు లోపల దాచుకుంటేనే నిద్రలో పళ్లు కొరుకుతారని, లోపలే పెట్టుకోవద్దని కూడా చెప్పాడు. ప్లేటు కంటే ఆ రెండోది కష్టమైంది రంజాన్‌కు. మొదట్లో సాయంత్రం ఇంటికొచ్చి రెండు మాటలు చెప్పి ఆగిపోయేవాడు. అమీర్ బీ చెనక్కాయలు వలుస్తూ, తర్వాత ఏమైంది అని అడిగేది. మెల్లగా మాట సాగింది. ఏ కీ వదులైందీ, ఏ ఇన్‌స్పెక్టర్ కసురుకున్నాడూ అన్నీ ఆమెకు తెలిసిపోయాయి. ఆరు నెలలకు మళ్లీ స్కానింగ్ తీస్తే ఎడమవైపు పద్నాలుగున్నరకు దిగింది. రొట్టె కష్టం లేకుండా నములుతున్నాడు.

లెవెల్ క్రాసింగ్ అవతలి మలుపులో కీలు వదులైతే బండి పట్టా తప్పుతుందేమోనని తానెంత భయపడతాడో రంజాన్ ఎన్నోసార్లు చెప్పాడు. ఒక సెలవు రోజు అమీర్ బీని అక్కడికి తీసుకుపోయి చూపించాడు. ఆమె కొంగు తలమీదికి లాక్కుని అటూ ఇటూ చూసింది.

"ఇంతేనా? ఇంగా పెద్దదనుకుంటి" అంది.

రంజాన్ నవ్వాడు. ఇద్దరూ పక్కనున్న తుమ్మచెట్టు నీడన తెచ్చుకున్న రొట్టెలు తిని, మధ్యాహ్నం ప్యాసింజరు పోయేదాకా కూర్చుని ఇంటికొచ్చారు.