గ్యాసు అయిపోదు, పోతుంది

మా పర్సుడీహ్‌లో ఏసీ చల్లబడకపోతే అందరూ ఒకటే మాట అంటారు, గ్యాసు అయిపోయిందని. డబ్బాలో బియ్యం అయిపోయినట్టు అనేస్తారు. ఆ మాట ఏసీలు బాగుచేసే తవిటయ్య షెడ్డులో అన్నామా, చేతిలో పానా కింద పెట్టి మరీ మనవైపు తిరుగుతాడు.

"అయిపోడానికి అదేటి బియ్యమా అత్తా? ఎవులైనా వొండుకు తినీసినారా? గ్యాసు అయిపోదు, పోతాది. ఎక్కడో సందు సూసుకుని పోతాది. ఆ సందు ఎతక్కండా మళ్ళీ నింపితే సిల్లికుండకి నీళ్ళు పోసినట్టే."

కూరలకు మార్కెట్టుకు వెళ్ళి వస్తూ నేను రోజూ ఆ షెడ్డు ముందు స్టూలు మీద కాసేపు కూర్చుంటాను. నాకు అడగకపోతే తోచదు. తవిటయ్యకు చెప్పకపోతే తోచదు. మా ఇద్దరికీ అలా కుదిరింది.

మనిషి సన్నగా, ఎండిన మునగకాడలా ఉంటాడు. వాళ్ళ నాన్న టెక్కలి దగ్గరనుంచి పనికోసం ఈ ఉక్కు ఊరికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తవిటయ్య మాత్రం ఆదిత్యపురం వైపు ఒక ఇనుము పోతపోసే కార్ఖానాలో కాంట్రాక్టు పనికి కుదిరాడు. ఆ కార్ఖానా ఇప్పుడు లేదు, మూసేశారు. అక్కడ ఆయన పని క్రేను కేబిన్లకు ఏసీలు బాగుచెయ్యడం. కింద బకెట్టు నిండా కరిగిన ఇనుము కుతకుతలాడుతుంటుంది. పైన గాజుపెట్టెలో కూర్చుని ఒక మనిషి ఆ బకెట్టును కొక్కేనికి తగిలించి నడుపుతాడు. ఆ పెట్టెలో ఏసీ ఆగిందంటే, మూతపెట్టి పొయ్యి మీద ఉంచిన గిన్నెలో మనిషి ఉన్నట్టే.

అలా ఆ పెట్టెలో కూర్చున్న మనిషి మా వెనక వీధి పరంజ్యోతిగారు. ఆరేళ్ళ కిందట మే నెలలో ఏం జరిగిందో మా పేటలో అందరికీ తెలుసు. కేబిను చల్లబడడం లేదంటే తవిటయ్య పైకెక్కాడు. సందు వెతకడానికి రెండు గంటలు కావాలన్నాడు. "ఈ పూటకి గ్యాసు వేసి దిగిపో, రేపు చూద్దాం" అన్నాడు సూపర్వైజరు. తవిటయ్య వేసి దిగిపోయాడు. పదకొండయ్యేసరికి గ్యాసంతా పోయింది. కొక్కేనికి బకెట్టు వేలాడుతోంది, కింద మనుషులు తిరుగుతున్నారు. పరంజ్యోతిగారు దాన్ని జాగ్రత్తగా పీటమీద దింపి, ఆ తర్వాతే కుర్చీలో ఒరిగిపోయారు. తాళ్ళు కట్టి దించారు. ప్రాణం దక్కింది గానీ ఒంటికి వేడిని ఓర్చుకునే శక్తి పోయింది. అప్పటినుంచి మార్చి దాటితే వానలు పడేదాకా ఆయన గుమ్మం దిగలేదు. తప్పనిసరై ఒక్కసారి ఏసీ టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, రైలుగేటు దగ్గర ఆ డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఐదు నిమిషాలకే పెద్దాయన కళ్ళు తేలేశారు. ఆ తర్వాత పరాయి బండి ఎక్కనని ఒట్టు పెట్టుకున్నారు.

సొంత బండి లేక కాదు. నల్ల కాంటెస్సా కారు ఉంది. రిటైరై వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర కొన్నారు. ముందు బానెట్టు ఎంత పొడుగంటే దాని మీద ఇద్దరు పిల్లల్ని పడుకోబెట్టొచ్చు. స్టార్టు చేస్తే ఎద్దు రంకె వేసినట్టు ఉంటుంది. కానీ అందులో ఏసీ లేదు. నల్ల రంగు, పెద్ద అద్దాలు. ఎండాకాలంలో అదే ఒక కొలిమి.

ఈ ఏడాది కూతురు ప్రిస్సీకి కొడుకు పుట్టాడు. ఆమె భర్తది రైల్వే ఉద్యోగం, చక్రధర్‌పూర్‌లో ఉంటారు. జ్ఞానస్నానం అక్కడే, మే నెలలో రెండో ఆదివారం. ఏసీ పెట్టమని పరంజ్యోతిగారు బండిని నేరుగా తవిటయ్య షెడ్డుకు పంపించారు. ఆయన భార్య త్రేసమ్మ ఊరుకుంటుందా?

"సాక్చిలో అంత పెద్ద గ్యారేజీ ఉంది, రెండు రోజుల్లో బిగించి ఇస్తామన్నారు. మిమ్మల్ని పైనుంచి తాళ్ళతో దింపించినవాడే దొరికాడా?"

"గ్యాసు పోతే ఏమవుద్దో ఆ గ్యారేజీవాళ్ళకేం తెలుసు త్రేసా? ఈయనకి తెలుసు" అన్నారు పెద్దాయన.

పది రోజులు పట్టింది. పది రోజులూ నేను స్టూలు మీదే ఉన్నాను. మొదటిరోజే అడిగాను, ఎన్ని టన్నుల ఏసీ పెడతావు, బండి కుంగిపోదా అని. తవిటయ్య కడుపు పట్టుకుని నవ్వాడు.

"టన్నంటే బరువు కాదత్తా, సలవ. టన్ను మంచు ఒక దినంలో కరిగితే ఎంత సలవ వత్తాదో అంత."

ఈ ఊళ్ళో పుట్టి పెరిగి, టన్నంటే ఉక్కే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

పాత బండికి ఏసీ పెట్టడమంటే డబ్బాలోంచి తీసి తగిలించడం కాదని అప్పుడు తెలిసింది. కంప్రెసరును ఇంజను పక్కన కూర్చోబెట్టడానికి ఆ బండిలో చోటే లేదు. తవిటయ్య అట్టముక్క కత్తిరించి కొలత చూసుకుని, ఇనపరేకుతో సొంతంగా ఒక పీట చేశాడు. బెల్టు నూలుపోగంత పక్కకు ఉన్నా తినేస్తుందని మూడుసార్లు విప్పి మళ్ళీ బిగించాడు. రేడియేటరు ముందు గ్యాసు వేడిని వదిలే జాలీ పెట్టి దానికి రెండు ఫ్యాన్లు కట్టాడు. చల్లగాలి పెట్టెకోసం డాష్‌బోర్డు కొయ్యాలని అందరూ అన్నారు. "అమ్మ మొకం మీద కత్తెడతామేటి?" అని, కింద కాళ్ళ దగ్గర వేలాడదీశాడు. తివాచీ కింద, పైకప్పు లోపల వేడి దిగకుండా దళసరి ఫెల్టు పరిచాడు. ఒక్క చిల్లు కొత్తగా పొడవలేదు. పాత రంధ్రాల్లోంచే గొట్టాలు పోనిచ్చాడు.

శనివారం సాయంత్రానికి బిగింపు అయింది. అసలు గ్యాసు నింపే ముందు తవిటయ్యది ఒక పద్ధతి. గొట్టాలన్నిటిలో నైట్రోజన్ గాలి బిగించి, మీటరు సూది ఎక్కడ నిలబడిందో అద్దం మీద పెన్నుతో గీత గీసి వదిలేస్తాడు. తెల్లారి సూది గీత మీదే ఉంటే సందు లేనట్టు.

ఆదివారం ఐదింటికే అందరం షెడ్డు దగ్గర ఉన్నాం. గ్యాసు నింపుకుని, వేడెక్కకముందే చేరాలని లెక్క. ప్రిస్సీ బాబును చూపిస్తానంటే నేనూ జరీచీర కట్టుకుని తయారయ్యాను. పరంజ్యోతిగారు ఇస్త్రీ చొక్కాతో కుర్చీలో కూర్చున్నారు. ఆయన కొడుకు నోయల్, టెల్కో కాలనీలో ఉంటాడు, బండి నడపడానికి వచ్చాడు.

తవిటయ్య టార్చి వేసి మీటరు చూశాడు. సూది గీతకు కింద ఉంది. ఎంతో కాదు, రెండు వెంట్రుకలంత.

"అరే అంకుల్, యే తో ఠండ్ కా ఫరక్ హై" అన్నాడు నోయల్. "సాయంత్రం వేడిగా ఉంది, ఇప్పుడు చల్లబడింది. చల్లబడితే ప్రెషర్ పడిపోతుంది. గ్యాస్ డాలో, బయల్దేరదాం."

"నువ్వన్నది నిజమే కావచ్చు బావూ. సలికి దిగిందైతే ఎండకి మళ్ళీ ఎక్కాల. ఎక్కకపోతే సందున్నట్టు. మద్దిన నువ్వూ నానూ ఎందుకు కొట్టుకోడం, సూదే సెప్తాది."

త్రేసమ్మ లేచింది. "అంటే? ఎండొచ్చేదాకా ఆగమనా? ఆయన ఎండలో పడకూడదనే కదయ్యా ఈ తెల్లారగట్ల ప్రయాణం!"

"ఎల్లీటప్పుడు సల్లగానే ఎల్తారమ్మా. తిరిగొచ్చీటప్పుడో? రెండింటికి చాయ్‌బాసా దాటినాక గ్యాసు పోతే రోడ్డు మీద నీడ కూడా నేదు."

ఇక్కడే నేను నోరు జారాను. "పోనీ కాస్త ఎక్కువే నింపవయ్యా తవిటయ్యా. ఈ పూటకి సరిపోద్ది కదా."

తవిటయ్య నాకేసి చూడలేదు, మీటరుకేసే చూస్తూ మెల్లిగా అన్నాడు. "ఆ పొద్దు కూడా ఇదే మాటన్నారత్తా. ఈ పూటకి సరిపోద్దని."

త్రేసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పరంజ్యోతిగారే అన్నారు. "తాళంచెవి ఆయన దగ్గరే ఉండనీ నోయల్. ప్రిస్సీకి ఫోను చెయ్యి."

ప్రిస్సీ ముందు ఏడ్చింది, తర్వాత ఫాదరుగారి దగ్గరికి పరిగెత్తింది. ఒంటిగంట దాకా ఆగుతానన్నారట ఆయన. ఆ తర్వాత వేరే ఊరి గుడికి వెళ్ళాలి, ఆగడం కుదరదు. అంటే ఏ ఎండకు ఆరేళ్ళుగా దాక్కున్నారో ఆ ఎండలోనే పెద్దాయన ప్రయాణం.

పెద్దాయన్ని వేడెక్కకముందే ఇంటికి చేర్చి వచ్చాం. ఏడున్నరకు ఎండ వీధిలోకి రాగానే నోయల్, తవిటయ్య బండిని షెడ్డు బయటికి తోశారు. నలుగురం బానెట్టు మీదికి వంగి సూదిని చూస్తున్నాం. కదిలింది. పైకి వస్తోంది. నోయల్ మొహం వెలిగింది. "దేఖా? దేఖా?" అన్నాడు. సూది వచ్చి వచ్చి గీతకు వెంట్రుకవాసి కింద ఆగింది. నోయల్ అద్దాన్ని వేలితో తట్టాడు. కదల్లేదు. ఇంకో అరగంట చూశాం. బానెట్టు మీద చెయ్యి వెయ్యలేనంత కాలింది గానీ సూది మాత్రం ఒక్క పిసరు ఎక్కలేదు.

నోయల్ చొక్కా చేతులు మడిచాడు. "కహాఁ సే షురూ కరేఁ, అంకుల్? ఎక్కణ్ణుంచి?"

"అత్తా, కుంకుడుకాయలు!" అన్నాడు తవిటయ్య.

సబ్బునీళ్ళ బుడగ ఎండకు తొందరగా పగిలిపోతుందని తవిటయ్య కుంకుడు నురగే వాడతాడు. నేను పరిగెత్తుకెళ్ళి మా ఇంట్లో నానేసినవి పిసికి తెచ్చాను. ఒక్కొక్క అతుకు మీద కుంచెతో నురగ రాసి, ఊపిరి బిగబట్టి చూడడం. పదకొండు అతుకులు రాశాడు, ఏమీ లేదు. పన్నెండోది, గొట్టానికి ఇత్తడి మూతి నొక్కిన చోట, నురగలోంచి ఒక బుడగ లేచింది. ఆవగింజంత. చూస్తుండగా మిరియంత అయింది.

"నా సెయ్యే" అన్నాడు తవిటయ్య. "నాను నొక్కిందే. సరిగ్గా పడనేదు." ఎవరిమీదా నెట్టలేదు. ఆ గొట్టం కోసి పారేసి కొత్తది నొక్కాడు, మళ్ళీ గాలి బిగించి నురగ రాశాడు, లోపలి గాలంతా లాగించాడు, అప్పుడు గ్యాసు నింపాడు. పదింబావుకు పెద్దాయన్ని ఇంటి గుమ్మంలోనే ఎక్కించుకుని బయలుదేరాం. "నానూ వత్తాను" అని ముందు సీట్లో కూర్చున్నాడు, చేతికి గ్రీజుతోనే. వెనక మేం ముగ్గురం. త్రేసమ్మ ఒళ్ళో తడిగుడ్డ, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళ సీసా, విసనకర్ర.

హాతా చౌరస్తా దగ్గర ఇనపకడ్డీల లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా చచ్చిపడి ఉంది. ముందుకూ వెనక్కూ దారి లేదు. బయట మనుషులు తలలకు తువ్వాళ్ళు చుట్టుకుని లారీల నీడన ముడుచుకుని కూర్చున్నారు. నిలబడిన బండిలో ఏసీ నడిస్తే ఇంజను వేడెక్కుతుందని నాకు పది రోజుల్లో వచ్చిన చదువు. తవిటయ్య రెండో ఫ్యాను వేసి, వేడి చూపించే ముల్లు మీదే కళ్ళు పెట్టాడు. పావుగంట. అరగంట. ముల్లు సగం దాటింది, అక్కడ ఆగింది. త్రేసమ్మ భర్త నుదుటి మీద తడిగుడ్డ వేసి, ఆయన మణికట్టు పట్టుకుని ఏదో ప్రార్థన గొణుగుతోంది.

పరంజ్యోతిగారు కళ్ళు తెరిచారు. "త్రేసా, ఆ గుడ్డ తీసెయ్యవే. చలేస్తోంది."

త్రేసమ్మ గుడ్డ తీసింది. తీసి, ముందుకు వంగి తవిటయ్య భుజం మీద చెయ్యి వేసింది. తవిటయ్య ముల్లు మీదనుంచి కళ్ళు తిప్పలేదు గానీ, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఒంటిగంటకు ఐదు నిమిషాలుందనగా గుడి చేరాం. నోయల్ బండిని మెట్లకు ఆనించినంత దగ్గరగా ఆపాడు. తాతగారు నాలుగడుగులు వేసి లోపలికి వెళ్ళి, మనవణ్ణి సొంత చేతులతో ఎత్తి పట్టుకున్నారు. నీళ్ళు తలమీద పడగానే వాడు గుడి కప్పు ఎగిరిపోయేట్టు ఏడ్చాడు. తవిటయ్య కోసం చూస్తే లేడు. తొంగి చూశాను. బయట ఎండలో బానెట్టు ఎత్తి, ఆ కొత్త అతుకును వేలితో తడిమి చూసుకుంటున్నాడు.

తిరుగు ప్రయాణం రెండున్నరకు, నిప్పులు చెరిగే వేళ. చాయ్‌బాసా దాటింది, హాతా దాటింది, చలవ తగ్గలేదు. పర్సుడీహ్ మలుపు దగ్గర నోయల్ బండి తిప్పబోయాడు.

"ఇటు కాదు. సాక్చి పోనీ" అన్నారు పరంజ్యోతిగారు.

"సాక్చిలో ఏం పని?" అంది త్రేసమ్మ.

"ఏం లేదు. మే నెలలో బజారు చూసి ఆరేళ్ళయింది."

బజారు నడుమ గోల్‌చక్కర్, ఆ గుండ్రటి కూడలి చుట్టూ తిప్పించారు. చెరకురసం బళ్ళు, గొడుగులమ్మేవాళ్ళు, ఐసుముక్క నెత్తిన పెట్టుకుని నవ్వుకుంటున్న కూలీలు. ఒక చుట్టు అయింది. ఇంకో చుట్టు అన్నారు. అదీ అయింది.

"పాపా, ఇక ఇంటికి చలేఁ?" అన్నాడు నోయల్.

"నీకు తొందరైతే దిగి ఆటోలో పోరా" అన్నారు పరంజ్యోతిగారు, అద్దంలోంచి బయటికే చూస్తూ. "తవిటయ్య నడుపుతాడు."