ఖాళీగా వదిలేస్తే

భిలాయిలో నా మొదటి ఉద్యోగం ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో. సెక్టర్ 7 నుంచి స్కూటీ మీద వచ్చే మా టీమ్ లీడర్‌ని అందరం అక్కా అనేవాళ్ళం. ఎవరేం రాసి చూపించినా ఆవిడ అడిగేది ఒక్కటే: “ఖాళీగా వదిలేస్తే ఏటవుద్ది?”

ఒక పిల్లల ఆసుపత్రికి మందుల చీటీల ప్రోగ్రామ్ జావాలో రాశాం. బిడ్డ బరువు తప్పనిసరి అని కోడ్‌లో ‘నాట్ నల్’ అనే యానొటేషన్, అంటే చిన్న గుర్తు, పెట్టాం. అప్పగించే ముందు అక్క బరువు నింపకుండా బటన్ నొక్కింది. బరువు లేకపోయేసరికి పెద్దవాళ్ళ మోతాదుతో చీటీ వచ్చేసింది. అందరం ఆవిడ కంప్యూటర్ చుట్టూ మూగాం.

“మన తనిఖీ పైన చీటీని చూసి ఆగిపోతంది. లోపలున్న బిడ్డ వివరాల్లోకి ఎల్లట్లేదు, సూడు,” అంటూ కోడ్‌లో ఆ వివరాలున్న వరస మీద, లోపలికీ వెళ్ళి చూడమని చెప్పే ‘వాలిడ్’ అనే గుర్తు చేర్చింది. మళ్ళీ నొక్కితే ప్రోగ్రామ్ ఒప్పుకోలేదు.

వాడకం మొదలైన రోజు నర్సు ఫోన్ చేసి విసుక్కుంది. “దీదీ, ఇది చీటీ ఇవ్వట్లేదు, బచ్చే కా వజన్ అడుగుతోంది!”

“అడగనీ అమ్మా. ముందు బిడ్డని తూకం వెయ్యి,” అంది అక్క. ఫోన్ పెట్టేసి, రెండు చేతులతో మొహం కప్పుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు విన్నాక మా అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి.