వెల్డరు కోడిరెక్కల మసాలా

ఎన్ని ఊళ్ళు తిరిగినా, ఎక్కడ పొగ వాసన తగిలితే అటే నా కాళ్ళు లాగుతాయి. ఈ వెల్డరు అలా పరిచయమైనవాడే. పాత ఇనుప డ్రమ్ముకు తలుపు బిగించి, అందులో కోడిరెక్కలకు పొగ పట్టించి అమ్మాలని అతని కోరిక. మసాలా కూడా సొంతంగా తనే చెయ్యాలని పంతం. వెల్డింగు పొగ పీల్చీ పీల్చీ అతని ముక్కు ఏనాడో మొద్దుబారింది. వంట పుస్తకాలన్నీ నాలుకనే పొగుడుతాయి గానీ, రుచిలో సగం పని ముక్కుదే.

రెక్కలు ఎన్నిసార్లు చేసినా చేదెక్కాయి. కట్టెలు మార్చాడు, డ్రమ్ము తోమాడు, చికెన్ కొట్టువాణ్ణి తిట్టాడు. ఈసారీ చెడితే కొట్టు పెట్టే ఆలోచనే మానుకుంటానన్నాడు.

అది విని వాళ్ళ వదినగారు వచ్చి మసాలా డబ్బా మూత తీసి వాసన చూశారు.

"మిరపకాయలు వేయించావా మరిదీ?"

"కమ్మగా ఉంటాయని నల్లబడేదాకా వేయించా వదినా."

"మాడ్చిందే కాక మళ్ళీ పొగలో పెట్టావా? పాపం, వాటిని ఎన్నిసార్లు చంపుతావు? ఎండుకాయలు వేయించకుండానే దంచు. మిగతా పని పొగ చూసుకుంటుంది."

"ముందే చెప్పొచ్చుగా!"

"చెప్పనిచ్చావా? నగల పెట్టెలా డబ్బా దాచుకు తిరిగావు!"

ఆ రోజు రెక్కలు ఎర్రగా, ఘాటుగా దిగాయి. అంత మంచివి నేనెక్కడా తినలేదు. ఇప్పుడు కొట్టు బాగా నడుస్తోంది. ఎవరు మెచ్చుకున్నా వెల్డరు, "ముక్కు మా వదినది, చేతులే నావి" అంటాడు. మొదటి వాయిలో మంచి రెక్కలు ఏరి ఆవిడకు పంపాకే మాకు వడ్డిస్తాడు. ఆకలితో ఉన్నా మేమెవరమూ గొణగం.