గుట్ట మీది గాలి గీతలు

నిన్న పొద్దున కొంపల్లి ఫ్లాటులో ఎండ పొడకు కూర్చుని వెల్లుల్లి ఒలుస్తుంటే, మా మనవరాలు పేపరు చూస్తూ, కొండ ప్రాంతాల్లో గాలి వేగం ఏళ్ల తరబడి మారుతోందని, కొన్నిచోట్ల బాగా తగ్గిందని, ఎందుకో చదువుకున్నవాళ్లకే సరిగ్గా అంతుపట్టడం లేదని చదివి వినిపించింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే మనసు బరువెక్కింది కూడా. గాలి తగ్గిన నింద ఒకప్పుడు మోసినదాన్ని మరి.

నిజాం ఏలుబడిలో, పెద్ద యుద్ధం ఇంకా ముగియని రోజుల్లో, మేడ్చల్ నుంచి శామీర్‌పేట అవతలి ఊరికి ఎడ్లబండి మీద కోడలిగా వెళ్లాను. ఊరి వెనక గుట్ట ఉండేది. మా కల్లం ఆ గుట్ట మీది చదును బండే. కింద ఆకు కదలని రోజున కూడా పైన కొంగు నిలిచేది కాదు కనుక జొన్నలు తూర్పారబట్టడానికి అంతకన్నా మంచి చోటు లేదు. కంకుల మోపులు ఎత్తుకుని ఎక్కడం తలుచుకుంటే ఇప్పటికీ మోకాళ్లు మూలుగుతాయి, అది వేరే సంగతి.

అరవై దాటిన మా అత్తకు ఒక పద్ధతి ఉండేది. ఏటా తూర్పారబట్టే మొదటి రోజున బండ మీద ఒకే చోట నిలబడి, పిడికెడు పొట్టు భుజం ఎత్తు నుంచి వదిలి, అది పడిన చోట కొడవలి మొనతో గీత గీసి సున్నం పూసేది. ఆమె కోడలిగా వచ్చిన ఏడు మొదలుకొని అన్ని గీతలూ ఉన్నాయి. రానురాను అవి ఆమె కాళ్ల వైపే జరుగుతూ వచ్చాయి, నేను వచ్చిన ఏడు మరీ దగ్గరికొచ్చింది.

"గీ పిల్ల కాలువెట్టంగనే గాలికి సత్తువ పోయింది" అన్నది అత్త, నలుగురూ వింటుండగా. గాలి లేకపోతే పొట్టు పోదు, పొట్టు పోకపోతే వానలకు ముందు గింజ ఇల్లు చేరదు. అందుకని మరుసటి ఏడు నన్ను గుట్ట ఎక్కవద్దన్నారు. ఆమె ఆఖరి కొడుకైన మా ఆయన తల్లి మాటకు ఎన్నడూ ఎదురాడలేదు, అప్పుడూ ఆడలేదు. నేను ఏడ్చాను, పైగా ఆ మాట నమ్మాను కూడా. పొయ్యి రాజుకోకపోయినా నా కాలి మహిమే అనుకునేదాన్ని.

చిత్రమేమంటే, నేను లేని ఆ ఏడు గీత ఇంకా దగ్గర పడింది. మూడోనాడు అత్త నన్ను పైకి పిలిపించి, తన చోట నిలబెట్టి, పిడికెడు పొట్టు నా చేతిలో పెట్టింది. భుజం ఎత్తు నుంచి వదిలాను. అది ఆమె చివరి నాలుగైదు గీతలు దాటి పడింది. అత్త పొట్టును చూసింది, నా భుజాన్ని చూసింది, వంగిపోయిన తన భుజాన్ని తడుముకుంది. చేయి దిగితే పొట్టు దగ్గరే పడుతుందని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఆడలేక మద్దెల ఓడన్న సామెత నా నాలుక చివరిదాకా వచ్చి, ఆమె మొహం చూసి ఆగిపోయింది.

"ఇగ నువ్వే తూర్పారవట్టు బిడ్డా, నేను కూసుంట" అని చాట నాకిచ్చింది. మళ్లీ గీత గీయలేదు.

అయితే నా పొట్టు మొదటి గీతల దాకా ఎందుకు పోలేదు? వయసులో ఉన్నప్పుడు అత్త నాకన్నా పొడగరేమో, ఆ రోజు గాలి తక్కువగా ఉందేమో, నిజంగానే ఏటేటా తగ్గుతోందేమో, నా కాలి మహిమ కూడా కాస్త ఉందేమో. ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను. అడుగుదామంటే అత్త లేదు, చూద్దామంటే బండ లేదు, కంకర కోసం గుట్టనే తొలిచేశారు.

పేపరు విన్నాక గుప్పెడు వెల్లుల్లి పొట్టు పట్టుకుని డాబా మీదికి వెళ్లి, భుజం ఎత్తు నుంచి వదిలాను. నా కాళ్ల దగ్గరే పడింది. గాలి తగ్గిందో, చుట్టూ లేచిన మేడలు అడ్డుకున్నాయో, నేనే కుంగిపోయానో తెలియలేదు. మనవరాలిని పిలిచి, పక్కన నిలబడి ఒక్క పిడికెడు వదలమంటే తేలిపోయేది. పిలవబోయి ఊరుకున్నాను. ఆనాడు నా చేతిలో ఆ పిడికెడు పొట్టు పెట్టడానికి మా అత్తకు ఎంత గుండె కావలసివచ్చిందో నిన్న గాని నాకు తెలియలేదు.