అర చెంచా ఉప్పులో ముప్పావు

మొన్న హోసూరులో మనవడికి విరేచనాలు పట్టుకుంటే, కోడలు మందుల షాపు నుంచి ఓఆర్ఎస్ పొడి పొట్లం తెప్పించి లీటరు సీసా నీళ్లలో కలిపింది, వాడు నాలుగు గుక్కలు తాగి ఆటకు పోయాడు. నేను మాత్రం ఆ సీసా ముందునుంచి కదలలేకపోయాను. ఆ నీళ్లు చూస్తే ఇప్పటికీ నాకు ఆనాటి ఉప్పు లెక్కే గుర్తొస్తుంది.

ఈ మనవడి తండ్రి అప్పుడప్పుడే అడుగులేస్తున్న రోజులవి. కృష్ణగిరిలో నాయన చిల్లర అంగడి వెనకే ఉన్న పుట్టింటికి వాణ్ని ఎత్తుకొచ్చి ఉన్నాను. మామిడికాయల కాలం, నేలమీద దొరికిందేదో నోట్లో పెట్టుకున్నట్టున్నాడు, మర్నాటికి విరేచనాలతో కళ్లు గుంటలు పడి, ఏడ్చినా కన్నీరు రాకుండా పోయింది. ఆరోగ్య కేంద్రం నర్సమ్మ వచ్చి చూసి, పొడి పొట్లాలు అయిపోయాయనీ, లీటరు కాచిన నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి పట్టమనీ చెప్పింది. ఉప్పు మించితే బిడ్డకు ఫిట్సు రావచ్చుననీ, మధ్యాహ్నానికి ఒంటేలు పోయకుంటే పెద్దాసుపత్రికి పరుగెత్తాలనీ హెచ్చరించి మరీ వెళ్లింది.

అంగట్లో లీటరు కొలతంతా కిరసనాయిలు కంపు. ఇంట్లో శుభ్రంగా ఉన్నది ముప్పావు లీటరు సీసా ఒక్కటే. చక్కెర నాలుగున్నర చెంచాలని వెంటనే తేలింది. అర చెంచా ఉప్పులో ముప్పావు ఎంత అన్నచోట నా బుర్ర మొద్దుబారింది. చీరలవాడు చెప్పిన ధరను ముప్పావుకు దించకుండా కొట్టు మెట్టు దిగని దాన్ని, అంగట్లో పుట్టి పెరిగిన దాన్ని, చెంచా పట్టుకుని ఉప్పు ముందు అలాగే నిలబడ్డాను.

"యాడ పోయింది మే నీ లెక్క? బిడ్డ నాలిక చూడు, ఎట్ల ఎండిపోయిండాదో!" అని అమ్మ కసిరింది.

అప్పుడు నాయన గల్లా వదిలి లోపలికొచ్చి, ఇంగువ పొడి పంచినట్టే, అర చెంచా ఉప్పును కాగితం మీద పరిచి, కత్తి మొనతో నాలుగు పాళ్లు చేసి, ఒక పాలు పక్కకు నెట్టి, మిగిలిన మూడూ సీసాలోకి జార్చాడు. మా ముగ్గురికీ ఊపిరి ఆడింది. అంతలో, తూకం అయ్యాక కొసరు వేయకపోతే నిలవని ఆ చెయ్యి, పక్కకు నెట్టిన ఉప్పులోంచి చిటికెడు తీసి సీసాలో వేసేసింది.

"కొసరు వద్దు నాయనా!" అని నేను అరిచిన అరుపుకు అంగట్లోని బేరాలు కూడా ఆగాయి. కొసరు కోసం వీధివీధినా జగడమాడిన నోరే అది.

"చెయ్యి అలవాటమ్మా..." అంటూ ఆయన తెల్లబోయాడు.

ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కాచి, చల్లారేదాకా విసిరి, కొసరు లేకుండా కలిపి, చెంచా చెంచాగా పడుతుంటే బిడ్డ మెడ వేలాడుతూనే ఉంది. అమ్మ మొక్కులు మొక్కుతోంది, నాయన అంగడి తలుపు వేసి వచ్చి వాడి పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. బండి పిలిపిద్దామనుకుంటుండగా నా ఒడి వెచ్చగా తడిసింది. నర్సమ్మ చెప్పిన ఒంటేలు! నేను ఏడుస్తూ నవ్వుతూ అలాగే కూర్చుండిపోయాను, చీర మార్చుకోవాలని కూడా తోచలేదు.

ఇప్పుడు పొట్లం మీదే కొలతంతా అచ్చువేసి ఉంటుంది, పాళ్లు కట్టే పని లేదు, మంచిదే. కానీ నా లెక్క తప్పితే కసిరే అమ్మ లేదు, చెయ్యి తప్పి తెల్లబోయే నాయనా లేడు. ఆ రోజు ముగ్గురం కలిసి పడ్డ భయం ఇవాళ నా ఒక్కదానికే పూర్తిగా మిగిలింది.