ఎవరూ లేని కోటలో ఒక మధ్యాహ్నం

మేము కాపలా పోస్టుకు చేరేసరికి వాన. అక్టోబరు నెల. దక్షిణ లెబనాన్ కొండలు. తెల్ల లారీ దిగి తల ఎత్తితే మబ్బులో సగం కోట కనబడింది. మిగతా సగం ఎప్పుడో కూలిపోయిందని మబ్బు తేలిపోయాక తెలిసింది.

మాది ఎల్లారెడ్డి దగ్గర పల్లె. అప్పటిదాకా కోటంటే నాకు దోమకొండ కోటే. ఇది వేరు. మూడు వైపులా లోయ. ఒక్కో రాయి మా ఇంటి అరుగంత.

మాది శాంతి దళం. నీలం హెల్మెట్, బరువైన జాకెట్, తుపాకీ. తుపాకీ ఆత్మరక్షణకే. సరిహద్దు దగ్గర ఏం కదిలినా రేడియోలో చెప్పడం మా పని. మా హవల్దార్‌ది హర్యానా. రేడియో ఆపరేటర్‌ది మహారాష్ట్ర సరిహద్దున ఉన్న జుక్కల్. వాడు, నేను తెలుగులో మాట్లాడుకునేవాళ్లం. అక్కడివాళ్ల అరబ్బీని మాకు హిందీలోకి మార్చి చెప్పడానికి ఒక దుబాసీ ఉండేవాడు. ఒకప్పుడు అక్కడి బడిలో చరిత్ర పాఠాలు చెప్పి, మాకు ముందొచ్చిన మన జవాన్ల దగ్గర హిందీ నేర్చుకున్నాయన.

కోట సంగతి ఆయనే చెప్పాడు. ఎనిమిది వందల ఏళ్ల కింద ఐరోపా నుంచి దండెత్తి వచ్చిన యోధులు కట్టారట. సుల్తాను సేనలు ముట్టడించి, తిండి గింజలు అందకుండా చేసి గెలుచుకున్నాయట. తర్వాత భూకంపం, ఫిరంగులు, ఈ కాలంలో బాంబులు.

“గెలిచినవాడల్లా జెండా కట్టాడు. కొన్నాళ్లకు వెళ్లిపోయాడు” అన్నాడు.

“ఇప్పుడెవరిది?” అని అడిగాను.

“మేకలది.”

ఒక మధ్యాహ్నం సరిహద్దుకు రెండు వైపుల నుంచీ గుండ్లు పడటం మొదలైంది. అందరూ బంకర్లోకి పొమ్మని రేడియోలో ఆర్డర్. కోట కింద వాలులో ఆలివ్ కాయలు కోసే కుటుంబాలున్నాయి. హవల్దార్ రేడియో అందుకున్నాడు.

“సార్, కింద సివిలియన్లు ఉన్నారు. కోట నేలమాళిగలోకి తెస్తాం.”

కాసేపు గరగర చప్పుడు. తర్వాత జవాబు వచ్చింది. “తీసుకురండి. త్వరగా.”

ఆడవాళ్లను, పిల్లలను గోడ చాటుగా నడిపించి లోపలికి పంపాం. అంతలో ఒక ముసలామె నా చొక్కా చెయ్యి పట్టుకుంది. తన చెవులు మూసుకుని చూపించి, కిందికి వేలు చూపింది.

“ఆమె భర్త. చెవులు వినబడవు. కిందే ఉండిపోయాడు” అన్నాడు దుబాసీ.

హవల్దార్ నన్నూ ఆపరేటర్‌నూ పంపాడు. “తోట చివరి కంచె దాటొద్దు. అవతల మందుపాతరలున్నాయి.”

ముసలాయన నిచ్చెన మీద నిలబడి, మాకు వీపు పెట్టి, నిమ్మళంగా కాయలు కోస్తున్నాడు. కాలు తట్టాను. ఉలిక్కిపడి తిరిగాడు. ఎదురుకొండ మీద పొగ చూశాడు. గబగబా దిగాడు గానీ పరుగెత్తలేదు. వెళ్లి గాడిద తాడు విప్పాడు. అది లేకుండా రానని సైగ చేశాడు. గాడిదేమో కదలదు.

“నడువ్, నడువ్!” అని తాడు లాగాను.

“అన్నా, తెలుగుల చెప్తె దానికెట్ల సమజైతది?” అన్నాడు ఆపరేటర్, దాన్ని వెనక నుంచి నెడుతూ.

“మరి నువ్ చెప్పురా, నీ మరాఠీల!”

ముసలాయన జేబులోంచి రొట్టెముక్క తీసి చూపించాడు. గాడిద నడిచింది. మాకు కాస్త దిగువన గుండు పడింది. మట్టి, రాళ్లు వీపుల మీద రాలాయి. ఆ తర్వాత గాడిదే మమ్మల్ని కోట దాకా లాక్కుపోయింది.

పొద్దు వాలే వేళకు చప్పుడు ఆగింది.

“అందరూ క్షేమమేనా?” రేడియో అడిగింది.

“అందరూ క్షేమం సార్” అన్నాడు హవల్దార్. “గాడిద కూడా.”

ఆపరేటర్ గోడకు ఆనుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను.

అక్కడి డ్యూటీ గడువు ముగిసి కామారెడ్డి స్టేషన్‌లో దిగాను. మా అవ్వ నా రెండు చేతులూ తడిమి చూసింది. ఎల్లారెడ్డి బస్సులో పక్కన కూర్చుని అడిగింది.

“ఆ కోటల రాజులున్నరా బిడ్డా?”

“లేరవ్వా. ఎప్పుడో పోయిండ్రు.”

“పోతె పోనీ. నువ్వొచ్చినవ్, గదే చాలు.”

ఆ కోటను తలుచుకుంటే నాకు గుండ్లు గుర్తు రావు. ఆ సాయంత్రం అందరం బయటికి వచ్చిన తీరే గుర్తొస్తుంది. నేలమాళిగ గుమ్మం చాలా పొట్టిది. శత్రువు తల వంచి దూరాలని, వంచిన మెడ మీద కత్తి దించాలని అలా కట్టారట. ముసలామె ఆ గుమ్మం బయట నిలబడింది. వంగి వచ్చిన ప్రతి తల మీదా అరచెయ్యి పెట్టి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది. చివరగా నేను, హెల్మెట్ చేతిలో పట్టుకుని వంగాను. నా పేరు ఆమెకు తెలియదు. అయినా ఆ చెయ్యి నా తల మీద చాలాసేపు ఆగింది.