రాయి మీద తీసిన కొలత

ఉదయం పది గంటల నలభై నిమిషాలు. బడి గుమ్మంలో సిగ్నల్ మైనస్ నూట పద్దెనిమిది. బొమ్మ మాట దేవుడెరుగు, ఫోనులో మాట కూడా తెగిపోతుంది. అక్కడికి నాలుగు వందల పది మీటర్ల ఎగువన, జీడితోట పైనున్న రాయి మీద మైనస్ ఎనభై ఆరు. సున్నాకి దగ్గరయ్యేకొద్దీ సిగ్నల్‌కి బలం. పాఠం చక్కగా వస్తుంది. ఈ రెండో అంకెను బడి పేరున రాశాను. ఆరేళ్ళుగా మోస్తున్నాను. మొదటిసారి మీకు చెబుతున్నాను.

శ్రీకాకుళం జిల్లాలో కొండ మీది ఊరది. ఫోన్లలో పాఠాలు అందించే పథకానికి సర్వే నా పని. బడి దగ్గర సిగ్నల్ ఉన్న ఊళ్ళకే ఫోన్లు. అంటే, ఉన్నవాళ్ళకే మరికొంత. ఆ నియమం రాసినవాళ్ళు ఏ కొండా ఎక్కలేదని ఇప్పటికీ అంటాను.

మూడో తరగతి మనవరాలి చెయ్యి పట్టుకుని సన్యాసమ్మ నా వెంట రాయెక్కింది.

"ఇక్కడ వస్తాది గదా బాబూ. బడికాడే వచ్చినాదని రాసీ."

"ఎక్కడ కొలిచానో యంత్రానికి తెలిసిపోతుందమ్మా."

"దాని నోరు ముయ్యలేవేటి? ఇంత సదువు సదివినావు."

నవ్వాను. మూశాను. యంత్రంలో నమోదైన స్థలం మార్చడానికి నలభై సెకన్లు పట్టింది.

ఆ అబద్ధానికి తల వంచను. ఫోన్లు వచ్చాయి. పిల్లలు రాయెక్కి పాఠాలు దించుకున్నారు, వానల్లో ఎక్కలేకపోయారు.

నాలుగు నెలలకు ఆఫీసు నుంచి మెయిలు వచ్చింది. ఫోన్లు చేరిన ఊళ్ళ నుంచి టీచర్లను వేరేచోటికి పంపుతున్నాము, మీ కొలత సరైనదేనా? ఆ ఊరికి వారానికి మూడు రోజులు నడిచి వచ్చే పంతులమ్మ ఒక్కతే. నిజం రాస్తే ఆమె ఉండేది, నా ఉద్యోగం ఉండేది కాదు. ఈసారి నా పక్కన అడిగేవాళ్ళెవరూ లేరు. మరి ఈ రెండో అబద్ధం ఎవరి కోసం ఆడాను? 'సరైనదే' అని రాశాను.

మొదటి అబద్ధం మళ్ళీ ఆడమన్నా ఆడతాను. రెండోదాన్ని నియమం మీదికి నెట్టను. నా మీద జాలితో మీరూ నెట్టవద్దు. క్షమాపణ అడగడం లేదు. చెప్పాను, ఊపిరి ఆడుతోంది. అంతే.

నిరుడు ఆ ఊరికి వెళ్ళి లెక్క చూశాను. వచ్చిన ఫోన్లు ఇరవై రెండు, పనిచేస్తున్నవి మూడు. వెళ్ళిపోయిన పంతులమ్మ ఒకరు. తిరిగి వచ్చినవారు లేరు. నాటి మూడో తరగతి పిల్లలు తొమ్మిది మంది. ఇంకా చదువుతున్నవాళ్ళు ఇద్దరు. సన్యాసమ్మ మనవరాలు ఆ ఇద్దరిలో లేదు. నా ఉద్యోగం ఉంది.